“పేరులో ఒక్క అక్షరం వెనక దాక్కుంటున్నాను అక్కా”

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ఒంగోలు పక్కన ఒక ఊరు. నాకు 28 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ముత్తాతల కాలం నుంచీ మేం క్రైస్తవులం. నా పేరులో ముందు బైబిలు పేరుంది, ఆఫీసులో దాన్ని ఒక్క ఇంగ్లీషు అక్షరం చేసేసి రెండో పేరుతో పిలిపించుకుంటున్నాను. క్రిస్మస్‌కి లీవ్ పెట్టేటప్పుడు ‘ఊళ్లో ఫంక్షన్’ అని రాస్తాను. నాన్న ఫోన్ చేస్తే మెట్ల దగ్గరికి వెళ్తే గాని ‘వందనాలు నాన్నా’ అనలేను. మొన్న ఒక కొలీగ్ గృహప్రవేశంలో వాళ్లమ్మగారు ‘మీరెవరు బాబూ?’ అని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజనీరింగ్‌లో, ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకిచ్చే నా బీసీ-సీ సర్టిఫికెట్ చూసి ఒకడు ‘పాలపొడి బ్యాచ్’ అన్నాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. నాన్న పట్టుబట్టి ఉన్నదున్నట్టు రాయించబట్టే నాకు బీసీ-సీ వచ్చింది, చుట్టాల పిల్లలు ఎస్సీ సర్టిఫికెట్‌తో నాకంటే మంచి కాలేజీల్లో చదివారు. ఆయనేమో పెన్షన్‌లో దశమభాగం గుడికిస్తాడు, మిగిలింది ఎవరడిగితే వాళ్లకిస్తాడు. నేను ఇక్కడ హోమ్ లోన్ కట్టుకుంటూ, కానుకల సంచి దగ్గరికొస్తే తల దించుకుంటున్నాను. నేనెవరో నాకే తెలియడం లేదు, ధైర్యం లేదు, ఇచ్చే మనసు కూడా లేదు. ప్రభువును ఎరుగనని అన్నట్టేనా నేను?

జవాబు:

తమ్ముడూ, వందనాలు.

నీ చివరి ప్రశ్నకే ముందు చెప్తాను, నీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. లేదు, నువ్వు ఆయన్ని ఎరుగనని అనలేదు. భయపడ్డావు, దాక్కున్నావు, అంతే. యోహాను సువార్త 19వ అధ్యాయం 38వ వచనం తీసి చూడు. అరిమతయియ యోసేపు గురించి అక్కడ ఏముంది? యూదుల భయంవల్ల రహస్యంగా యేసు శిష్యుడైనవాడు అని ఉంది. ఆ మనిషి భయస్తుడని యోహాను దాచలేదు, అలాగని శిష్యుడన్న మాటా కొట్టేయలేదు. నువ్వు మాత్రం నీ విషయంలో ఆ మాట నీ అంతట నువ్వే కొట్టేసుకుని కూర్చున్నావు.

నిజంగా ఎరుగనన్నవాడు పేతురు. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో ఒక పనిపిల్ల అడిగిన మాటకే వణికిపోయాడు, చుట్టూ ఉన్నవాళ్లు ‘నీ పలుకే నిన్ను పట్టిస్తోంది’ అన్నారని మత్తయి రాశాడు. గలిలయ యాస మరి. ఒంగోలు యాస మింగేసి మాట్లాడే నీకు ఆ ముంగిట్లో నిలబడటం ఎలా ఉంటుందో నేను వివరించక్కర్లేదు. ఆ పేతురును పునరుత్థానుడైన ప్రభువు సముద్రం ఒడ్డున కలిసినప్పుడు ‘ఎందుకలా అన్నావు’ అని ఒక్క మాట కూడా అడగలేదు, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి గొర్రెల్ని అప్పజెప్పాడు. అలాంటివాడికే బాధ్యత అప్పగించిన ప్రభువు, లీవ్ ఫారంలో ‘ఫంక్షన్’ అని రాసినందుకు నిన్ను వదిలేస్తాడా?

ఇక నీ భయం సంగతి. ‘విశ్వాసం ఉంటే భయం ఉండదు’ అని చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు, నేను ఆ మాట అనను. నీ భయానికి కారణముంది, అది కాగితం మీద కూడా ఉంది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లను ఎస్సీలుగా లెక్కించకూడదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను, వాళ్ల పిల్లలను బీసీ-సీ అని పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పల్లె అదే, బావి అదే, ఊళ్లో చూసే చూపు అదే, కాగితం మాత్రం మారిపోయింది. పైగా బీసీ-సీ అన్న ఆ రెండు ముక్కలు చూస్తే చాలు, తెలిసినవాడికి నీ మతమూ తెలిసిపోతుంది, మీ తాతలు ఏ వాడలో పుట్టారో కూడా తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లాడు కౌన్సెలింగ్ క్యూలో ఆ కాగితం పట్టుకుని నిలబడితే సిగ్గుపడటం వాడి తప్పెలా అవుతుంది? ఈ అన్యాయం గురించి 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ రాసింది, ఎస్సీ హోదాకు మతంతో ముడి పెట్టొద్దని చెప్పింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. ఇంతింత పెద్దవాళ్లు కూర్చుని తేల్చాల్సిన బరువును నువ్వొక్కడివే ‘నా పిరికితనం’ అని పేరు పెట్టి మోస్తున్నావు.

మీ నాన్న మీద కోపం కూడా అందులోంచే వచ్చింది. ఆ కోపం తప్పని నేననను. ఆయన నిజం రాయించాడు, సీటు నీది పోయింది. అయితే ఒకటి గమనించు, నిజం చెప్పినవాడికి జరిమానా వేసింది చట్టం, ఆయన కాదు. అలాగే ఎస్సీ సర్టిఫికెట్ మీద చదువుకున్న చుట్టాల పిల్లల్ని మనసులో కూడా తక్కువ చేయకు. తిండికీ చదువుకూ మధ్య నలిగిన అమ్మానాన్నలు పిల్లల కోసం ఏం ఎంచుకున్నారో, ఎంత బాధతో ఎంచుకున్నారో మనం తీర్పు తీర్చలేం. ఎమ్మార్వో ఆఫీసులో ఆ రోజు ఏం జరిగిందో, ఆయనకు ఎవరెవరు ఏం చెప్పారో, సంతకం పెట్టేటప్పుడు నీ గురించి ఏమనుకున్నాడో ఎప్పుడైనా నాన్నను అడిగావా? అడగలేదనే నాకనిపిస్తోంది, నీ ఉత్తరంలో ఆయన చేసిన పనులున్నాయి గాని ఆయన మాట ఒక్కటీ లేదు. ఊరెళ్లినప్పుడు అడుగు. దెబ్బలాట పెట్టుకోవడానికి వద్దు, తెలుసుకోవడానికి అడుగు. ‘నాకు నష్టమైంది నాన్నా’ అని కూడా చెప్పు, ఆయన వినదగిన మాటే అది.

ఇప్పుడు పాలపొడి. మిషనరీలు పంచిన పాలపొడి కోసం మతం మారారన్న ఎగతాళి అది. ఈ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నీకు నీ చరిత్ర తెలియకపోవడం వల్లనే ఆ నవ్వు అంత లోపలికి దిగింది. పాలపొడి పంచిన మాట నిజమే. 1960ల్లో మన బడుల్లో కేర్ సంస్థవాళ్ల పాలు, ఉప్మా అన్ని కులాల పిల్లలూ తాగారు, తిన్నారు. వాళ్లెవరినీ బ్యాచ్ అనరు. ఇక మీ ఒంగోలు సంగతి దానికి చాలా ముందుది. యెఱ్ఱగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తోళ్ల బేరం మీద తిరుగుతూ ఏలూరు వైపు సువార్త విని, దాన్ని వెతుక్కుంటూ తనే మిషనరీల దగ్గరికి వచ్చాడు. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన్ని ఎవరూ బియ్యం పెట్టి పిలవలేదు, తిండికి వెతుక్కునే మనిషీ కాదు. ఆ తర్వాత పల్లెల్లో విశ్వసించినవాళ్లు చేసిన తీర్మానాలు చూడు: ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం. ఇప్పుడు చదివితే మామూలుగా ఉంటాయి. కరణం, మునసబు చేతిలో రోజు కూలి ఉన్న రోజుల్లో, జాతరలో డప్పు కొట్టకపోతే దెబ్బలు పడే రోజుల్లో ఆ మాట అనాలంటే ఎంత గుండె కావాలి? చాలాచోట్ల వాళ్లకు పని ఇవ్వలేదు, నీళ్లు తోడుకోనివ్వలేదు.

1876లో ధాత కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు పని నడిచినన్నాళ్లూ, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం చేరారన్న మాట రాకూడదనే ఆపేశాడు. పని ఆగిపోయి, ఇక పంచడానికి ఏమీ లేదని తేలాక కూడా జనం వచ్చారు. ఇవ్వడానికి డబ్బు లేదంటే, మాకు డబ్బు వద్దు అన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగుతూ, అలిసినప్పుడు ఒకరికొకరు మారుతూ ఇచ్చారు. మీ నాన్న గుండ్లకమ్మ పేరు ఇంట్లో ఎత్తే ఉంటాడు, మనం పిల్లలుగా అలాంటివి సరిగా వినం. ఆ నీళ్లలోంచి పైకి లేచినవాళ్లలో మీ ముత్తాతల వాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు, కానీ నువ్వు ఆ వరసలోవాడివి.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. కరువులో అన్నం పెట్టినవాణ్ణి నమ్మి వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉండి ఉంటారు. ఉంటే మాత్రం తప్పేముంది? శతాబ్దాల తరబడి ఎవరూ మనిషిగా చూడని చోట ఒకడు వచ్చి పక్కన కూర్చుని, పేరు పెట్టి పిలిచి, ఆకలికి గంజి పోస్తే, వాడి దేవుడెవరో కనుక్కోవాలని మనసుకు తోచదా? ఐదువేలమందికి రొట్టెలు పెట్టిన ప్రభువు ఆకలిని ఎక్కడా తక్కువ చేసి మాట్లాడలేదు.

‘నేనెవరో నాకే తెలియడం లేదు’ అన్నావు. ఈ ప్రశ్న మోషేది. హెబ్రీయుల ఇంట్లో పుట్టాడు, ఫరో ఇంట్లో పెరిగాడు, మిద్యానులో ఆడపిల్లలు ఆయన్ని చూసి ‘ఐగుప్తీయుడొకడు’ అన్నారు. మూడు చోట్లా ఏదో ఒకటి దాచుకోవాల్సిన బతుకు. మండే పొద దగ్గర దేవుడు పంపుతానంటే ‘నేనెంతటివాణ్ణి’ అన్నాడు. దేవుడి జవాబు నాకు చదివిన ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. నువ్వు గొప్పవాడివి, చదువుకున్నవాడివి, నీలో ఎంతో శక్తి ఉంది అని ఆయన అనలేదు. నేను నీకు తోడుంటాను అన్నాడు. మోషే తన గురించి అడిగితే దేవుడు తన గురించి చెప్పాడు. నీ గుర్తింపు నీ లోపల తవ్వితే దొరికేది కాదని నేననేది ఇందుకే. అది నీకు బయటనుంచి, ప్రేమించినవాడి నోటినుంచి వస్తుంది. యేసు కూడా యొర్దానులోంచి లేచినప్పుడు ‘నువ్వు నా ప్రియ కుమారుడివి’ అన్న మాట విన్నాడు, అప్పటికి ఆయన ఒక్క అద్భుతమూ చేయలేదు, ఒక్క ప్రసంగమూ చెప్పలేదు.

దీన్ని సంఘంలో నీకు దొరికే గుర్తింపుతో కలపకు. మన సంఘాల్లో గలతీయులకు రాసిన పత్రిక చదివి వినిపిస్తారు, యూదుడని గ్రీసు దేశస్థుడని లేదంటారు, బయటికొచ్చి పెళ్లి సంబంధం మాట వస్తే ముందు కులమే అడుగుతారు. అది పాపం, ఆ మాట సంఘంలో నిలబడి చెప్పాల్సిన రోజు నీకూ వస్తుంది. గుఱ్ఱం జాషువ సంగతి చూడు. వినుకొండలో 1895లో పుట్టాడు. ఒకవైపు అంటరానివాడని సభల్లో అవమానించారు, ఇంకోవైపు హిందూ పురాణాల మీద పద్యాలు రాస్తాడేంటని క్రైస్తవులు దూరం పెట్టారు. రెండు వైపులా చోటు లేని ఆ మనిషి తన పేరును ఒక్క అక్షరం కూడా కుదించలేదు. క్రీస్తు జీవితం మీద ఆయన రాసిన కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. యెహోషువ అనే బైబిలు పేరును తెలుగు పద్యానికి పర్యాయపదంగా చేసి వెళ్లాడు.

మళ్లీ యోసేపు దగ్గరికి వస్తాను, నేను నీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది అక్కడే ఉంది. నువ్వు మూడు లోపాలు రాశావు: నేనెవరో తెలియదు, ధైర్యం లేదు, ఇచ్చే మనసు లేదు. వాటిని మూడు వేరు వేరు జబ్బులనుకుంటున్నావు. నాకు మాత్రం ఒక్కటే కనిపిస్తోంది. నేను ఎవరికీ చెందనివాణ్ణి, నన్ను నేనే కాపాడుకోవాలి అనుకున్న మనిషి నోరు మూసుకుంటాడు, అదే భయంతో పిడికిలీ మూసుకుంటాడు. యోసేపు యూదుల మహాసభలో సభ్యుడు, ధనవంతుడు, పోగొట్టుకోవడానికి చాలా ఉన్నవాడు. యేసు బతికున్నన్నాళ్లూ బయటపడలేదు. ఆయన చనిపోయాక, అంటే బయటపడితే లాభం ఏమీ లేని గంటలో, శిష్యులంతా పారిపోయి తలుపులు వేసుకున్నాక, ‘తెగించి’ పిలాతు దగ్గరికి వెళ్లాడని మార్కు రాశాడు. వెళ్లి ఏం చేశాడు? సాక్ష్యం చెప్పాడా, ప్రసంగం చేశాడా? దేహం ఇమ్మని అడిగాడు. నార బట్ట కొన్నాడు. తనకోసం రాతిలో తొలిపించుకున్న కొత్త సమాధి ఇచ్చేశాడు. పస్కా పండగ ముందు శవాన్ని ముట్టుకుంటే ఏడు రోజులు అపవిత్రమని తెలిసి కూడా తన చేతులతో దించాడు.

పక్కన నికోదేము. ఒకప్పుడు రాత్రిపూట ఎవరూ చూడకుండా యేసు దగ్గరికి వచ్చినవాడు. ఇప్పుడు బోళం, అగరు కలిపి మోయించుకొచ్చాడు, ఈనాటి లెక్కలో 30 కిలోలు దాటుతుంది. అంత బరువు పైబట్ట కింద దాచి తేవడం కుదరదు, మోసేవాళ్లు కావాలి, యెరూషలేము వీధుల్లో నడవాలి, దారి పొడుగునా వాసన. ‘ఇదెవరికి?’ అని అడగనివాడుంటాడా? ఇద్దరూ నోటితో చెప్పలేకపోయినదాన్ని చేతులతో చెప్పారు. వాళ్ల భయం ముందు పోయి ఆ తర్వాత ఇచ్చారని నేననుకోను. ఇస్తూ ఉంటే పోయింది.

అందుకని ఆఫీసులో అందరి ముందూ నిలబడి ‘నేను క్రైస్తవుణ్ణి’ అని ప్రకటించాలా అని టెన్షన్ పడకు. అది ఎవరూ అడగలేదు. ఈ ఏడాది క్రిస్మస్ లీవ్‌కి కారణం దగ్గర ‘క్రిస్మస్’ అని రాయి. నాన్న ఫోన్ చేస్తే సీట్లోనే తీసి ‘వందనాలు నాన్నా, మీటింగ్‌లో ఉన్నా, సాయంత్రం చేస్తా’ అను, మామూలు గొంతుతో. పక్కవాడు తలెత్తి చూస్తే చూడనీ. మొదటిసారి గుండె కొట్టుకుంటుంది, అయినా అను. క్రిస్మస్ అయ్యాక ఊరినుంచి అమ్మ చేసిన అరిసెలో కజ్జికాయలో తెచ్చి నీ టీమ్ టేబుల్ మీద పెట్టు, ‘మా క్రిస్మస్‌వి’ అని చెప్పు. పండగ పిండివంటలు పంచుకోవడం మన తెలుగువాళ్లకు కొత్తా? ఇన్నేళ్లూ నువ్వు వాళ్ల వినాయకచవితి ఉండ్రాళ్లు, ఉగాది పచ్చడి, రంజాన్ హలీం తిన్నావు, నీవైపు నుంచి వాళ్లకు మాత్రం ఏమీ రాలేదు. నీ పేరు కూడా పూర్తిగా రాయి, మెయిల్ కింద సంతకంలో మొదలుపెట్టు, ఎవరైనా అడిగితే ‘అది నా పేరే’ అంటే చాలు.

‘మీరెవరు?’ అనే ప్రశ్న వేరు, దాన్ని వేరుగా చూడాలి. కులం చెప్పాల్సిన అవసరం నీకు లేదు, ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ పెద్దావిడకూ లేదు. ‘మేం క్రైస్తవులం అమ్మా, ఒంగోలు దగ్గర’ అని నవ్వుతూ చెప్పి మాట మార్చెయ్. ఇంకా గుచ్చితే ‘ఇంతకంటే ఏం లేదమ్మా’ అను. అబద్ధం ఆడొద్దు, అలాగని అడిగిన ప్రతివాడికీ వంశవృక్షం విప్పక్కర్లేదు. ఇల్లు అద్దెకు వెతికేటప్పుడో, ఉద్యోగం పోయేలా ఉన్న మేనేజర్ దగ్గరో, కొన్నిచోట్ల నిదానంగా ఉండటం మంచిది. పాముల్లా వివేకంగా ఉండమని చెప్పింది కూడా ప్రభువే. ఊరుకున్నందుకు రాత్రి నీకు అవమానంగా ఉందా, లేక ‘వీళ్లకు చెప్పాల్సిన పని లేదు’ అని ప్రశాంతంగా ఉందా అని చూసుకో, ఆ ఊరుకోవడం ఎలాంటిదో నీకే తెలుస్తుంది.

ఇక కానుకల సంచి. ఇక్కడ నీకు కొంచెం గట్టిగానే చెప్తాను, రెండు వైపులా. మొదటిది, టీవీల్లో ‘విత్తనం వేయండి, నూరంతలు వస్తుంది, వేయకపోతే శాపం’ అని భయపెట్టేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. పేద విధవరాలు రెండు కాసులు వేసిన కథ వాళ్లు తెగ చెప్తారు, దానికి సరిగ్గా ముందున్న వచనాలు చదవరు. మార్కు 12లో ప్రభువు ఆమెను చూపించడానికి ముందు, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులను ఉతికి ఆరేశాడు. కాబట్టి నువ్విచ్చే సంఘంలో లెక్కలు చదువుతారా, కమిటీ ఉందా, పాస్టరు అయ్యగారి జీతం ఎంతో అందరికీ తెలుసా అని అడగడం అవిశ్వాసం కాదు, అది నీ బాధ్యత.

రెండోది, లోన్ ఉంది కాబట్టి ఇవ్వలేను అనే మాట నేను నమ్మను. ఇల్లు కొనగలిగినవాడివి. పౌలు కొరింథువాళ్లకు రాసిన రెండో పత్రిక 8, 9 అధ్యాయాలు చదువు, యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ రాసినవి. అక్కడ ఆయన ఉదాహరణగా చూపింది ధనవంతులను కాదు, నిరుపేదలైన మాసిదోనియవాళ్లను. వాళ్లు ముందు తమను తాము ప్రభువుకు అప్పగించుకున్నారంటాడు, డబ్బు తర్వాత. బలవంతంగా ఇవ్వొద్దని, మనసులో నిశ్చయించుకున్నంత ఇవ్వమని కూడా అక్కడే ఉంది. పదిశాతం అంకె నీ మెడ మీద కత్తిలా వేలాడదీసుకోకు. ఎంత అనేది నువ్వు, ప్రభువు కూర్చుని తేల్చుకోండి. కానీ తేల్చుకోండి, వాయిదా వేయకు.

మన పల్లెల్లో అమ్మలు చేసే పని నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. పొయ్యి మీద ఎసరు కాగుతుంటే బియ్యం కొలిచి చేటలో పోస్తారు, రాళ్లు ఏరుతారు, కడిగేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తారు. ఇంట్లో ఆ పూట బియ్యం చాలకపోయినా ఆ పిడికెడు తీస్తారు, అందరి అన్నంలోంచీ తలా ఒక ముద్ద తగ్గుతుంది. ఆదివారం ఆ డబ్బా కొంగు కింద పెట్టుకుని తెచ్చి గుడిలో బుట్టలో కుమ్మరిస్తారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోతాయి, ఎవరివి ఎన్నో ఎవరికీ తెలియదు. అయ్యగారి జీతం, సండే స్కూల్ పలకలు, కొన్నిచోట్ల ఏ దిక్కూ లేని ముసలివాళ్ల భోజనం ఆ బుట్టలోంచే నడిచాయి. నీ చదువు మీద కూడా ఆ బియ్యం బాకీ కొంత ఉండే ఉంటుంది, మన పల్లెల్లో మిషన్ బడి, హాస్టల్, సండే స్కూల్ ఏదో ఒకటి తగలకుండా పైకొచ్చినవాళ్లు తక్కువ.

ఆ అమ్మలు చేసిందే నువ్వూ చెయ్. జీతం పడ్డ రోజునే, ఈఎంఐ కట్ అయ్యే రోజుకంటే ముందు, నువ్వు నిశ్చయించుకున్నది పక్కన తీసెయ్. చిన్నదైనా సరే. అందులో కొంత నువ్వు వెళ్లే సంఘానికి, కొంత మనిషి ముఖం తెలిసిన అవసరానికి. మీ పల్లెలో బీసీ-సీ కాగితం పట్టుకుని కౌన్సెలింగ్ క్యూలో నిలబడబోయే పిల్లో పిల్లాడో ఈ ఏడాది కూడా ఉంటారు. వాళ్ల ఫీజులో ఒక భాగం, లేదా కోచింగ్, లేదా ఊరికే ఫోన్ చేసి ‘ఏ కాలేజీ పెట్టుకోవాలో నేను చెప్తాను’ అనడం. నీకు నష్టం తెచ్చిందని నువ్వు ఇన్నేళ్లు మోసిన ఆ కాగితం గురించి నీకంటే బాగా ఎవరికి తెలుసు? నువ్వు పడ్డ సిగ్గు వాళ్లు పడకుండా చూడగలవు. ఇది మాత్రం ఎవరికీ చెప్పకు, ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టకు. ప్రభువు దాచుకోమన్నది దానధర్మాన్ని, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్నాడు. దీపాన్ని మాత్రం కుంచం కింద పెట్టొద్దన్నాడు.

మీ నాన్న ఇచ్చేదాని గురించి కూడా ఆయనతో మాట్లాడు. మందులకు ఉంచుకుంటున్నాడా, అమ్మకు చెప్పే ఇస్తున్నాడా అని అడగడం నీ హక్కే, ఇచ్చే చెయ్యి ఇంటిని పస్తు పెట్టకూడదు. కానీ ఆయన ఎవరికిచ్చాడో ఆ మనుషుల్ని ఒకసారి చూడు. వీలైతే కోత పండగకు ఊరెళ్లు. గుడి ముందు గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు పెట్టి వేలం పాట పెడతారు కదా, పది రూపాయల సొరకాయను వందకు పాడి, మళ్లీ గుడికే ఇచ్చేసి, మళ్లీ పాడించే ఆ గోల. నువ్వూ ఒక పాట పాడు, నీ పూర్తి పేరుతో రాయించు.

హైదరాబాద్‌లో నువ్వు ఏ సంఘానికి వెళ్తున్నావో రాయలేదు. వేలమంది వచ్చే పెద్ద చోట వెనక వరసలో కూర్చుని, దీవెన ఇంకా అవ్వకముందే బైక్ తీసి వెళ్లిపోతున్నావేమో అని నా అనుమానం. నా అనుమానం తప్పయితే సంతోషమే. అక్కడ వెళ్తూనే ఉండు కావాలంటే, కానీ వారంలో ఒకరోజు పదిమంది ఇంట్లో కూర్చునే ప్రార్థన కూడిక ఒకటి వెతుక్కో. నీ పేరు, నీ ఊరు, నీ బీసీ-సీ, నీ హోమ్ లోన్ అన్నీ తెలిసిన కొందరు మనుషులు నీకు కావాలి. ఆ గృహప్రవేశం సంగతి వాళ్లతో చెప్పుకుని ఏడవగలిగితే సగం బరువు అక్కడే దిగుతుంది. దొరక్కపోతే నీ ఏరియా పేరు రాసి పంపు, తెలిసినవాళ్లను అడిగి చెప్తాను.

నాన్నతో మాట్లాడాక మళ్లీ ఉత్తరం రాయి తమ్ముడూ. నీ పేరు ఇక్కడ వేయడం లేదు, నీ అనుమతి లేకుండా వేయను. ప్రార్థనలో మాత్రం పూర్తిగా తలుస్తున్నాను.